రాత్రే పడని ఊళ్ళో మర్డర్ కేసు: ఇన్సోమ్నియా (1997) బ్లూరే

ఇన్సోమ్నియా అనగానే చాలామందికి 2002లో నోలన్ తీసింది, అల్ పచీనోది గుర్తొస్తుంది. దాని ఒరిజినల్ నార్వేది, 1997లో ఎరిక్ షోల్డ్‌బ్యార్గ్ తీశాడు, అతనికి అదే ఫస్ట్ ఫీచర్ ఫిల్మ్ అంటే నమ్మబుద్ధి కాదు. మంచి సినిమాల్ని డిస్కులుగా వదిలే అమెరికన్ కంపెనీ క్రైటీరియన్ వాళ్ళు 2014లో 4కె రీస్టొరేషన్‌తో (అంటే ఫిల్మ్‌ని హై రిజల్యూషన్‌లో స్కాన్ చేసి శుభ్రం చేసిన ప్రింట్‌తో) బ్లూరే వదిలారు, నేను చెప్పేది ఆ డిస్క్ గురించే.

కథ పెద్దగా చెప్పను. నార్వే ఉత్తరాన ఉన్న ట్రొమ్సోలో ఓ టీనేజ్ అమ్మాయి హత్య, చంపినోడు శవానికి తలస్నానం చేయించి గోళ్ళు కూడా శుభ్రం చేసి మరీ పడేశాడు. కేసు చూడ్డానికి వచ్చిన స్వీడిష్ డిటెక్టివ్ స్టెలాన్ స్కార్స్‌గార్డ్. పొగమంచులో హంతకుణ్ణి తరుముతూ పొరపాటున తన పార్ట్‌నర్‌నే కాల్చేస్తాడు, దాన్ని కప్పెట్టడానికి ఒక్కో అబద్ధం ఆడుకుంటూ పోతాడు, పైగా అక్కడ ఎండాకాలంలో దాదాపు రెండు నెలలు సూర్యుడు అస్తమించడు కాబట్టి నిద్ర కూడా ఉండదు.

మామూలుగా క్రైమ్ థ్రిల్లర్ అంటే చీకటి, వాన, నీడలు కదా. ఇక్కడ అంతా తెలుపే, దాక్కోడానికి మూల లేదు, అందుకే ఈ సినిమాకి ప్రింట్ క్వాలిటీ అంత ముఖ్యం. హోటల్ రూమ్ సీన్లు చూడండి, కర్టెన్ ఎంత లాగినా అంచుల్లోంచి వెలుతురు గీతలా వస్తూనే ఉంటుంది, వీడు మళ్ళీ లేచి సర్దుతాడు, మళ్ళీ వస్తుంది. ఆ గీత చుట్టూ గోడ రంగులో తేడా డిస్క్‌లో స్పష్టంగా తెలుస్తోంది. పొగమంచు సీన్ కూడా అంతే, స్ట్రీమింగ్‌లో ఇలాంటివి గళ్ళు గళ్ళుగా విరిగిపోతాయి, ఇక్కడ గ్రెయిన్ (ఫిల్మ్‌లో ఉండే సన్నటి నలుసులు) గ్రెయిన్‌లాగే ఉంది, మనిషి ఎక్కడ మాయమయ్యాడో కళ్ళు చికిలించి వెతుక్కోవాల్సిందే. టీవీలో రంగులు, వెలుతురు పెంచేసే వివిడ్ మోడ్ మాత్రం ఆపేయండి బాబూ, ఉన్న అందమంతా పోతుంది.

సౌండ్ గోల లేదు. మ్యూజిక్ బయోస్ఫియర్ అనే పేరుతో యాంబియెంట్ ఆల్బమ్స్ చేసే గైర్ జెన్సెన్‌ది, ఆయనది కూడా ట్రొమ్సోనే, పాటలా కాకుండా చెవిలో రొదలా పనిచేస్తుంది.

నోలన్‌ది బాగుంటుంది, కాదనను, కానీ అందులో హీరో మీద జాలి పుట్టించే ప్రయత్నం ఉంది. ఇందులో ఆ మొహమాటం లేదు. సాక్ష్యం మార్చడానికి కావాల్సిన బుల్లెట్ కోసం అక్కడ పచీనో చచ్చిన కుక్కని కాలుస్తాడు, ఇక్కడ స్కార్స్‌గార్డ్ బతికున్నదాన్నే కాల్చేస్తాడు. రెండు సినిమాల తేడా మొత్తం ఆ ఒక్క సీన్లో దొరికేస్తుంది. స్కార్స్‌గార్డ్ మొహంలో పశ్చాత్తాపం కన్నా చిరాకే ఎక్కువ కనిపిస్తుంది, నాకు అదే భయమేసింది.

ఎక్స్‌ట్రాలే కాస్త నిరాశ. డైరెక్టర్, స్కార్స్‌గార్డ్ కూర్చుని మాట్లాడుకున్న వీడియో బాగుంది, డైరెక్టర్ పాత షార్ట్ ఫిల్మ్స్ రెండున్నాయి, ట్రైలర్లు సరే. సినిమా నడుస్తుంటే తీసినవాళ్ళు మాట్లాడే కామెంటరీ లేదు, ఇంత ఆలోచించి లైటింగ్ చేసిన సినిమాకి కెమెరామన్ చేత ఓ అరగంట మాట్లాడిస్తే ఏం పోయేది?

కొనేముందు ఒక్కటి చూసుకోండి, బ్లూరేలకి దేశాల్ని బట్టి ఎ, బి, సి అని రీజియన్లుంటాయి, ఇది రీజియన్ ఎ డిస్క్, బి, సి ప్లేయర్లలో ఆడదు. సబ్‌టైటిల్స్ ఇంగ్లీషే.