మొటిమల మందు ప్యాకేజీ కొనబోతున్న విశాఖ వాసులకు ఒక హెచ్చరిక

విశాఖపట్నంలో తీవ్రమైన మొటిమలకు మూడు నెలల ప్యాకేజీ అమ్ముతున్న ఒక చర్మ సౌందర్య కేంద్రంలో నాకు ఎదురైన అనుభవాన్ని, అక్కడ డబ్బు కట్టాలనుకునేవారు ముందే చదువుకోవాలన్న ఉద్దేశంతో రాస్తున్నాను. ఫిర్యాదు విచారణలో ఉన్నందున ఆ కేంద్రం పేరు చెప్పడం లేదు. అయినా ఇక్కడ పేరు కంటే అమ్మే పద్ధతిని గుర్తుపట్టడం ముఖ్యం, ఎందుకంటే రేపు అదే పద్ధతి మరో బోర్డు కింద కనిపించవచ్చు. ఒక విషయం ముందుగానే స్పష్టం చేస్తాను: ఐసోట్రెటినోయిన్ అనే మందు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ప్రస్తుతం అదే మందును సరైన వైద్యుల పర్యవేక్షణలో వాడుతున్నాను, దవడ మీది గడ్డలు చాలావరకు అణిగాయి.

నావి వయసులో వచ్చి పోయే మామూలు మొటిమలు కావు. దవడ కింద, వీపు మీద చర్మం లోపలే గట్టిగా గడ్డకట్టి, ముట్టుకుంటే నొప్పి పుట్టి, మానిన చోట గుంట వదిలే రకం. పూత మందులకూ యాంటీబయాటిక్ మాత్రలకూ లొంగని ఇటువంటి మొటిమలకు వైద్యులు ఐసోట్రెటినోయిన్ రాస్తారు. ఇది విటమిన్ ఏ కుటుంబానికి చెందిన మందు, అమెరికాలో 1982లో అనుమతి పొందింది. చర్మంలోని నూనె గ్రంథులను కుదించి, జిడ్డు ఊరడాన్ని బాగా తగ్గిస్తుంది. అంత గట్టిగా పనిచేసే మందు కనుకనే దానికి అన్ని కట్టుబాట్లు ఉన్నాయి. మన దేశంలో ఇది షెడ్యూల్ హెచ్ మందు, అంటే 1945 నాటి ఔషధ నియమాల ప్రకారం రిజిస్టరైన వైద్యుని చీటీ లేకుండా దుకాణంలో అమ్మకూడనిది.

ఆ కేంద్రంలో నాతో మొదట మాట్లాడినది కౌన్సెలర్ అని చెప్పుకున్న ఒక ఉద్యోగిని. ఆమె ముందూ తరువాతా అంటూ కొన్ని ఫోటోలు చూపించి, ధర చెప్పి, ఆ రోజే కడితే తగ్గింపు ఉంటుందని తొందర పెట్టి, డబ్బు చేతికి అందిన తరువాతే నన్ను లోపలి గదిలోకి పంపించారు. లోపల కూర్చున్నాయన బల్ల మీది పలకపై కాస్మెటాలజిస్ట్ అని ఉన్నది గాని, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు దాని మీదా లేదు, నాకు ఇచ్చిన కాగితం మీదా లేదు. ఆయన ముఖం చూశారు, వీపు చూడలేదు. బరువు తూచలేదు, రక్త పరీక్ష రాయలేదు, వేరే మందులేమైనా వాడుతున్నానా అని అడగలేదు. నాకు పెళ్లయిందా, గర్భం వచ్చే అవకాశం ఉందా అన్న ప్రశ్న ఆ గదిలో ఎవరి నోటా రాలేదు. ఈ చివరి లోపం ఎంత పెద్దదో అప్పటికి నాకు తెలియదు, తెలిసిన తరువాత మాత్రం మిగిలినవన్నీ దాని ముందు చిన్నవిగా తోచాయి.

బయట కౌంటరులో ఒక కాగితపు కవరు చేతికిచ్చారు. అందులో అట్టల నుంచి కత్తెరతో ముక్కలు చేసిన మెత్తని జెల్ క్యాప్సూళ్లు, వేరే రంగు క్యాప్సూళ్లు కొన్ని, పేరు లేని తెల్లని డబ్బాలో రాత్రి పూసుకోవలసిన క్రీము ఉన్నాయి. అట్ట ముక్కల మీద మందు పేరు సగానికి తెగిపోయి ఉన్నది, బ్యాచ్ నంబరూ గడువు తేదీ ఉండవలసిన అంచులు కత్తిరింపులో పోయాయి. మందుతో పాటు పెట్టెలో వచ్చే సూచనల కాగితం ఇవ్వలేదు. రసీదు మీద స్కిన్ కేర్ ప్యాకేజీ అన్న ఒక్క మాట, దాని పక్కన మొత్తం, అంతే.

పెదవులు పగలడం, ముక్కు లోపల ఎండిపోవడం, కళ్లు పొడిబారి కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోలేకపోవడం ముందుగా మొదలయ్యాయి. ఇవి ఈ మందుతో సర్వసాధారణమని, పెదవుల పగుళ్లు దాదాపు అందరికీ వస్తాయని, మొదటి వారాల్లో మొటిమలు కొంత పెరిగినట్టు కనిపించవచ్చని ఇప్పుడు తెలుసు. ఇంత చిన్న మాట ముందే చెప్పడానికి ఆ కేంద్రానికి తీరిక లేకపోయింది. ఆ తరువాత తలనొప్పి పట్టుకున్నది. పొద్దున్న లేవగానే తల పగిలిపోతున్నట్టుండేది, వంగి లేస్తే కళ్ల ముందు మసక కమ్మేది, అన్నం చూస్తే వికారం. ఫోను చేస్తే, "ఏం కాదండి మేడమ్, వైజాగ్ ఉక్కపోత కదా, ఎండలో తిరిగి ఉంటారు, మంచినీళ్లు ఎక్కువ తాగండి" అని కౌంటరు ఉద్యోగిని సమాధానం చెప్పి పెట్టేశారు. డాక్టరుతో మాట్లాడించమంటే అపాయింట్‌మెంటు వచ్చే నెలకే ఉందన్నారు.

ఎంవీపీ కాలనీలో మా వీధి చివర మందుల షాపు నడిపే పెద్దాయనకు ఆ కవరు చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని అట్ట ముక్కలను పక్కపక్కన చేర్చి, తెగిన అక్షరాలను కూడబలుక్కుని, ఒకటి ఐసోట్రెటినోయిన్ 20 మిల్లీగ్రాములు, రెండోది డాక్సీసైక్లిన్ అని తేల్చారు. "ఈ రెండూ కలిపి ఎవరిచ్చారమ్మా నీకు? ముందు రెండూ ఆపి కేజీహెచ్‌కి వెళ్లు" అన్నారు. కేజీహెచ్ అంటే ఇక్కడి ప్రభుత్వ కింగ్ జార్జ్ ఆసుపత్రి. డాక్సీసైక్లిన్ కూడా మొటిమలకు వాడే మందే, విడిగా వాడితే తప్పు లేదు. కానీ అది టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వర్గానికి చెందినది. ఆ వర్గం మందులూ ఐసోట్రెటినోయినూ విడివిడిగానే అరుదుగా పుర్రె లోపలి ఒత్తిడిని పెంచగలవు కనుక, రెండూ ఒకేసారి ఇవ్వకూడదన్నది ఈ మందు సూచనల కాగితంలో రాసి ఉండే హెచ్చరిక. ఒత్తిడి పెరిగితే తలనొప్పి, వికారం, చూపు మసకబారడం కనిపిస్తాయి. పట్టించుకోకుండా వదిలేస్తే కంటి నరం దెబ్బతిని చూపు శాశ్వతంగా తగ్గే ప్రమాదం ఉంది. నాకు ఇవ్వని కాగితంలో ఉన్నది ఇదే.

కింగ్ జార్జ్ ఆసుపత్రి చర్మవ్యాధుల ఓపీలో వరుసలో చాలాసేపు నిలబడవలసి వచ్చిన మాట నిజం, అయితే అక్కడి వైద్యురాలు అడిగిన ప్రశ్నల్లో సగం కూడా నేను డబ్బు పోసిన చోట ఎవరూ అడగలేదు. ఆమె రెండు మందులూ ఆపించి, ఆ రోజే కంటి పరీక్షకు పంపించారు. కంటి నరం మొదలు దగ్గర వాపేమీ కనిపించలేదు. మందులు ఆపిన తరువాత తలనొప్పి క్రమంగా తగ్గిపోయింది. ఈ మందు వాడుతున్నవారికి ఇటువంటి తలనొప్పి వస్తే దానిని ఎండ ఖాతాలోనో నిద్రలేమి ఖాతాలోనో వేసి ఊరుకోవద్దని, అదే రోజు వైద్యునికి చూపించమని ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఇక ప్యాకేజీ లెక్క చూడండి. ఐసోట్రెటినోయిన్ మోతాదును శరీర బరువును బట్టి నిర్ణయిస్తారు. సాధారణంగా కిలోకు రోజుకు 0.5 నుంచి 1 మిల్లీగ్రాము, చికిత్స మొత్తం పూర్తయ్యేసరికి కిలోకు 120 నుంచి 150 మిల్లీగ్రాములు చేరాలన్నది ఎక్కువగా పాటించే లెక్క. 50 కిలోల మనిషికి అది మొత్తం మీద 6,000 నుంచి 7,500 మిల్లీగ్రాములు. నాకు అమ్మిన ప్యాకేజీ ప్రకారం రోజుకు 20 చొప్పున మూడు నెలలు మింగితే 1,800 దగ్గర ఆగుతుంది, అంటే మూడో వంతు కూడా కాదు. తక్కువ మోతాదు పద్ధతులు లేకపోలేదు, అవి ఎవరికి సరిపోతాయో వైద్యులు చూసి చెబుతారు. తూకం కూడా వేయని చోట, వచ్చినవారందరికీ ఒకే పెట్టె అందించే చోట, ఆ నిర్ణయం ఎవరు చేసినట్టు? మందు కోర్సు సగంలో ఆగి మొటిమలు తిరగబెడితే మరో ప్యాకేజీ అమ్ముడుపోతుందన్న అనుమానం నాకు వచ్చింది, అది నా అనుమానం మాత్రమే.

ఇదంతా ఇంట్లోనే మాట్లాడుకుని వదిలేసేదాన్నేమో గాని, బహిరంగంగా రాయడానికి కారణం వేరే ఉన్నది. నేను రెండోసారి మందు తీసుకోవడానికి వెళ్లినప్పుడు, ఇంట్లో వేరే ఎవరి పేరున ప్యాకేజీ తీసుకున్నా సగం ధరకే ఇస్తామని, వారు స్వయంగా రానవసరం లేదని, కవరు నా చేతికే ఇచ్చేస్తామని కౌంటరులో చెప్పారు. మా చెల్లెలికి కొత్తగా పెళ్లయింది, పిల్లల కోసం ఎదురుచూస్తున్నది, దాని బుగ్గల మీద కూడా మొటిమలున్నాయి. గర్భిణి కడుపులో ఉన్న బిడ్డకు ఐసోట్రెటినోయిన్ చేసే హాని చిన్నది కాదు: చెవులు, ముఖం, గుండె, మెదడు సరిగా రూపుదిద్దుకోకపోవచ్చు, గర్భస్రావం కావచ్చు. కొద్ది రోజులు వాడినా ఈ ప్రమాదం ఉంటుంది. అందుకే గర్భం దాల్చే వయసు స్త్రీలకు మందు మొదలుపెట్టే ముందు గర్భ పరీక్ష చేస్తారు. మందు మొదలుపెట్టడానికి నెల ముందు నుంచి, వాడినంత కాలం, ఆపిన తరువాత మరో నెల వరకు గర్భం రాకుండా కచ్చితమైన పద్ధతి పాటించాలని చెబుతారు. బిడ్డకు పాలిచ్చే తల్లులు కూడా వాడకూడదు. అమెరికాలో 2006 నుంచి వైద్యులు, రోగులు, మందుల దుకాణాలు అందరూ ఐప్లెడ్జ్ అనే కార్యక్రమంలో నమోదైతే తప్ప ఈ మందు చేతికి రాదు. ఇక్కడ నాకు అదే మందు, చూడని మనిషి కోసం, సగం ధరకు, కాగితపు కవరులో ఇవ్వజూపారు. చెల్లెలికి ఆ కవరు చేరలేదు. చేరిన ఇళ్లు ఎన్ని ఉన్నాయో అన్న ఆలోచన మాత్రం నన్ను వదలడం లేదు.

కేజీహెచ్‌లో చికిత్స మళ్లీ మొదలుపెట్టిన తీరు చెబితే తేడా తెలుస్తుంది. కొంత విరామం తరువాత, పరగడుపున రక్తం తీసి కొవ్వుల స్థాయి, కాలేయం పనితీరు చూశారు, ఎందుకంటే ఈ మందుతో రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు, కాలేయ ఎంజైములు పెరగవచ్చు. గర్భ పరీక్ష చేశారు. గతంలో మానసిక దిగులు వంటి సమస్యలు ఉన్నాయా అని అడిగి, వాడుతుండగా మనసు బాగా కుంగినట్టు అనిపిస్తే వెంటనే చెప్పమన్నారు. కొవ్వు ఉన్న భోజనంతో తీసుకుంటేనే ఒంటికి సరిగా పడుతుందని, పరగడుపున మింగితే చాలా భాగం వృథా అని వివరించారు, మా ఇంట్లో నెయ్యికి కొరత లేదు కనుక ఆ నియమం మాత్రం సులువుగానే జరిగిపోతున్నది. విటమిన్ ఏ మాత్రలు వద్దన్నారు. ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది కనుక సన్‌స్క్రీన్ తప్పనిసరి చేశారు, వ్యాక్సింగ్ మానమన్నారు. వాడుతున్నప్పుడూ, ఆపిన తరువాత నెల వరకూ రక్తదానం చేయకూడదన్నారు. ఈ చివరి నియమం మగవారికీ వర్తిస్తుంది, కళాశాలల్లో తరచూ రక్తదాన శిబిరాలు జరుగుతుంటాయి కనుక ఈ మందు వాడుతున్న విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

పేరు లేని క్రీము సంగతి క్లుప్తంగా చెబుతాను. పూసిన మొదటి రోజుల్లో ముఖం తెల్లబడి నునుపుగా అనిపించింది, మానగానే ఎర్రబడి మంట పుట్టింది. అది స్టెరాయిడ్ కలిసిన క్రీము లక్షణమని వైద్యురాలు అభిప్రాయపడ్డారు. మొటిమల మీద స్టెరాయిడ్ పూస్తే చర్మం పలుచబడి, మొటిమలు మరింత మొండిగా తయారవుతాయి. ఇటువంటి పూత మందుల దుర్వినియోగం పెరిగినందువల్లే 2018లో కేంద్ర ప్రభుత్వం పలు స్టెరాయిడ్ క్రీములను కూడా షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. డబ్బా మీద పేరు లేని క్రీమును ఎవరిచ్చినా ముఖానికి దగ్గరకు రానివ్వకండి.

డబ్బు తిరిగి ఇవ్వమని అడిగితే, కవరు విప్పిన తరువాత రిఫండ్ ఉండదన్నారు. వైద్యుడు తన రోగికి తానే మందు ఇవ్వవచ్చని చట్టం చెబుతున్నదని కూడా వాదించారు. చట్టంలో ఆ వెసులుబాటు ఉన్నది, దానికి షరతులూ ఉన్నాయి, తాము పరీక్షించని మనిషికి కౌంటరు మీదుగా అమ్మడం అందులో ఇమడదు. నేను రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగం వారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి కూడా కాగితాలు సిద్ధం చేస్తున్నాను, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అందుకు రెండేళ్ల గడువు ఉంటుంది. వెళ్లలేనివారు ముందుగా 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయవచ్చు. మందు వల్ల కలిగిన దుష్ప్రభావాన్ని మాత్రం విడిగా 1800-180-3024 అనే ఉచిత నంబరుకు తెలియజేయాలి, అది దేశవ్యాప్తంగా మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే కార్యక్రమం వారిది.

ఇదే తరహా ప్యాకేజీ ఇప్పటికే తీసుకున్నవారు ఉంటే, అట్ట ముక్కలను, కవరును, రసీదును, ఫోనులో వచ్చిన సందేశాలను పారేయకుండా దాచండి. నా ఫిర్యాదు తీసుకున్న అధికారి మొట్టమొదట అడిగినవి అవే. మిగిలిన క్యాప్సూళ్లను ఇంట్లో మరెవరికీ ఇవ్వకండి. గర్భం వచ్చిందేమోనన్న అనుమానం ఏమాత్రం ఉన్నా, ఆ కేంద్రానికి ఫోను చేసి సమయం పోగొట్టుకోకుండా, మందు ఆపి, అట్ట ముక్కలు పట్టుకుని నేరుగా కేజీహెచ్‌కో మీకు దగ్గరలోని స్త్రీల వైద్యురాలి దగ్గరకో అదే రోజు వెళ్లండి.