స్టోమా బ్యాగులు కొనేవారు పెట్టె మీది స్టిక్కరు గీకి చూడండి

విశాఖ మహారాణిపేటలోని ఆ సర్జికల్ దుకాణం పేరు రాయడం లేదు. ఇంట్లో ఇలియోస్టమీ, అంటే చిన్నపేగును పొట్ట మీదికి తెచ్చి పెట్టిన ద్వారం (దాన్నే స్టోమా అంటారు), ఉన్నవాళ్లకు ఎలాగూ తెలుస్తుంది. నాన్నగారికి ఆపరేషను అయినప్పటి నుంచీ అక్కడే కొంటున్నాం. ఇదివరకు ఒక ఫ్లాంజ్, అంటే సంచిని పొట్టకు పట్టి ఉంచే జిగురు బిళ్ల, మూడు నాలుగు రోజులు కదలకుండా ఉండేది. ఈసారి పెట్టెలోవి అంటించిన పూటకే అంచులు లేచిపోయాయి. పక్కబట్టలు తడవని రాత్రి లేదు. చిన్నపేగు నుంచి వచ్చే ద్రవంలో జీర్ణరసాలు ఉంటాయి, తగిలిన చోటల్లా చర్మాన్ని తినేస్తాయి. స్టోమా చుట్టూ పై పొర ఊడిపోయి చెమ్మ ఊరుతోంది. చెమ్మ మీద జిగురు పట్టదు, పట్టకపోతే మళ్లీ కారుతుంది.

స్టోమా నర్సు కొలత చూశారు. ఫ్లాంజ్‌లో కత్తిరించిన రంధ్రం స్టోమా కంటే రెండు మిల్లీమీటర్లే పెద్దది, తప్పేమీ లేదన్నారు. కొత్త ఫ్లాంజ్ ఒకటి తీసి వంచితే, మెత్తగా సాగాల్సిన జిగురు పొర అట్టముక్కలా పగిలింది. పెట్టె మీద ధర స్టిక్కరును గోరుతో గీకితే కింద గడువు తేదీ బయటపడింది. అది ఎప్పుడో దాటిపోయింది!

పెట్టె తీసుకుని నాన్నగారితో కలిసి వెళ్లాను. కౌంటరు దగ్గర జనం ఉన్నారు. యజమాని పెట్టెవైపైనా చూడకుండా, అందరికీ వినిపించేలా, "పెట్టుకోవడం చేతకాక మా సరుకు మీద పడితే ఎలాగమ్మా? పెద్దాయనను కదలకుండా పడుకోమనండి" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నాన్నగారి పొట్టవైపు చూశారు. ఆయన చొక్కా మీద చేయి అడ్డం పెట్టుకుని, "పద అమ్మా, వెళ్దాం" అన్నారు. పిల్లలకు పాఠాలు చెప్పి బతికిన మనిషి, ఎవరి ముందూ తల దించనివారు. ఆ డబ్బు పోయినా మరిచిపోతానేమో గానీ ఆ మాటను మరిచిపోను. స్టిక్కరు చూపిస్తే "అది కంపెనీవాళ్లే వేశారు" అంటూ పెట్టె లాక్కోబోయాడు. నేను వదల్లేదు. తెరిచిన సరుకు వాపసు తీసుకోరట! తెరవకుండా జిగురు ఎండిందని ఎవరికి తెలుస్తుంది? బిల్లులో "సర్జికల్ సామాను" అని తప్ప బ్యాచ్ నంబరు కూడా లేదు.

బ్యాచ్ నంబరు, గడువు తేదీ బిల్లులో రాయించుకోండి. ఎండ పడే అద్దాల అరలో పెట్టినవి తీసుకోకండి, వేడికి జిగురు పాడవుతుంది. చర్మం ఒలిచిపోతే మామూలు నీళ్లతో కడిగి, బాగా ఆరనిచ్చి, స్టోమా పౌడరు పలచగా చల్లి, ఎక్కువైనది దులిపేశాకే అంటించండి. డెట్టాల్, స్పిరిట్, నూనె వద్దు. సంచి మూడోవంతు నిండగానే ఖాళీ చేయండి. పుండు తగ్గకపోతే నర్సుకు చూపించండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915, నేను ఫిర్యాదు చేశాను. ఇదే దుకాణంలో ఈ మధ్య కొన్నవాళ్లు ఈ రాత్రే పెట్టెలు తీసి చూడండి, స్టిక్కరు ఉంటే ఫొటో తీసి పెట్టుకుని మీరూ ఫిర్యాదు చేయండి.