ఇంట్లో వీఎం సర్వర్‌కు ఏది మేలు: మినీ పీసీనా, జియాన్ టవరా, ర్యాక్ సర్వరా?

వీఎం అంటే ఒకే మిషన్‌లో సాఫ్ట్‌వేర్‌తో నడిచే వేరు కంప్యూటర్; జియాన్ అంటే ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్. ముందు తేల్చుకోవాల్సింది ప్రాసెసర్ కాదు, ర్యామ్. వీఎంలను నడిపే ప్రాక్స్‌మాక్స్ అనే సాఫ్ట్‌వేర్ మీద ఆరు ప్రాసెసర్ కోర్లను పది వీఎంలు పంచుకున్నా ఇబ్బంది రాదు, ఎక్కువసేపు అవి ఖాళీగానే ఉంటాయి కనుక. మెమరీ అట్లా సర్దుకోదు. చాలకపోతే లినక్స్ ఏదో ఒక వీఎంను చంపేస్తుంది, అది తరచూ అన్నిటికంటే పెద్దదే అవుతుంది.

లెక్క ఇట్లా వేయండి. కుబర్నెటిస్ (చాలా మిషన్ల మీద కంటైనర్లను నడిపే వ్యవస్థ) నేర్చుకోవడానికి మూడు నోడ్లు, అంటే మూడు వీఎంలు, ఒక్కోదానికి 4 జీబీ. ట్యాలీ నడిచే విండోస్ వీఎంకు 8, కంటైనర్లు నడిపే డాకర్‌కు 4, ప్రకటనలు ఆపే యాడ్‌గార్డ్ లాంటి చిన్న కంటైనర్లన్నిటికీ (వీఎం కన్నా తేలికైనవి) 2, ప్రాక్స్‌మాక్స్‌కు 2. మొత్తం 28 జీబీ. అంటే ఇంజినీరింగ్ విద్యార్థికైనా హన్మకొండలో నలుగురు పనిచేసే ఆఫీసుకైనా 32 జీబీ చాలు, 64 ఉంటే నిశ్చింత. ఈ పరిమితి లోపల మినీ పీసీ గెలుస్తుంది. దాటితేనే టవర్ మాట.

అంత గట్టిగా చెప్పడానికి కారణం కరెంటు బిల్లు. 24 గంటలూ నడిచే మిషన్ ఖాళీగా ఉన్నప్పుడు ఎన్ని వాట్లు తింటుందన్నదే అసలు ధర. 15 వాట్ల మినీ పీసీ నెలకు సుమారు 11 యూనిట్లు కాలుస్తుంది. గ్రాఫిక్స్ కార్డుతో 80 వాట్లు లాగే జియాన్ టవర్‌కు 58 యూనిట్లు. రెండు ప్రాసెసర్ల పాత ర్యాక్ సర్వర్ 150 వాట్లు లాగితే 108. యూనిట్ 8 రూపాయలనుకుంటే మినీకీ టవర్‌కూ తేడా ఏడాదికి దాదాపు 4,500 రూపాయలు. తెలంగాణలో 200 యూనిట్ల దాకా ఉచితంగా ఇచ్చే గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చే ఇళ్లలో ఇది ఇంకా ముఖ్యం. నెలకు 160 యూనిట్లు కాల్చే ఇంట్లో మినీ పెడితే 171, జీరో బిల్లు అట్లాగే ఉంటుంది. టవర్ పెడితే 218. 200 దాటింది కాబట్టి పైన 18 యూనిట్లకే కాదు, మొత్తం బిల్లు కట్టాలి.

మినీల్లో చూడాల్సినవి 8వ తరం ఇంటెల్‌వి: థింక్‌సెంటర్ ఎం720క్యూ, ఆప్టిప్లెక్స్ 7060 మైక్రో, ఎలైట్‌డెస్క్ 800 జీ4 మినీ. వీటిలో దొరికే ఐ5-8500టీకి 6 కోర్లు. 6, 7 తరాలవి విండోస్ 11కు పనికిరావని ఆఫీసులు వదిలించుకుంటున్నాయి. ప్రాక్స్‌మాక్స్‌కు ఆ అడ్డంకి లేదు కానీ వాటి ఐ5లో 4 కోర్లే. ధరలో తేడా కొద్దిగానే ఉంటే 8వ తరమే తీసుకోండి.

మినీలో ఇరుకు తప్పదు. ర్యామ్ స్లాట్లు రెండే, అవీ ల్యాప్‌టాప్ సైజువి. కాబట్టి 16 జీబీ కావాలన్నా ఒకే స్టిక్కు కొని రెండో స్లాట్ ఖాళీ ఉంచండి. ఎం720క్యూలో ఒక ఎన్‌వీఎంఈ (బోర్డు మీద నేరుగా కూర్చునే వేగమైన ఎస్‌ఎస్‌డీ), ఒక రెండున్నర అంగుళాల డ్రైవ్ పడతాయి. రైజర్‌తో (కార్డును అడ్డంగా పెట్టే చిన్న పలక) నెట్‌వర్క్ కార్డు పెడితే ఆ రెండో డ్రైవ్ చోటు పోతుంది. ఇంకో చిక్కు: ఈ తరం ఇంటెల్ నెట్‌వర్క్ చిప్ ప్రాక్స్‌మాక్స్‌లో ఎక్కువ ట్రాఫిక్ పడ్డప్పుడు ఒక్కోసారి ఆగిపోతుంది. లాగ్‌లో 'హార్డ్‌వేర్ యూనిట్ హ్యాంగ్' అని కనిపిస్తే ఈథ్‌టూల్ కమాండ్‌తో టీఎస్‌ఓ, జీఎస్‌ఓ అనే నెట్‌వర్క్ సెట్టింగులు ఆఫ్ చేసి, రీబూట్ తర్వాత కూడా నిలిచేలా ఇంటర్‌ఫేసెస్ ఫైల్‌లో రాయండి. బోర్డు పాడైందనుకొని పెట్టె మార్చేయకండి.

టవర్ అంటే హెచ్‌పీ జెడ్440 లాంటి పాత వర్క్‌స్టేషన్. జియాన్ ఈ5-2680 వీ4తో 14 కోర్లు, 28 థ్రెడ్లు, 8 ర్యామ్ స్లాట్లు. ఈసీసీ (తప్పులను తానే సరిదిద్దుకునే) రిజిస్టర్డ్ సర్వర్ ర్యామ్ పడుతుంది, సెకండ్ హ్యాండ్‌లో అది సాధారణంగా డెస్క్‌టాప్ ర్యామ్ కన్నా చవక. అదే ర్యామ్ మామూలు బోర్డులో పెడితే స్లాట్‌లో కూర్చుంటుంది గానీ మిషన్ లేవదు. ఆ జియాన్‌లో గ్రాఫిక్స్ లేదు, చిన్న కార్డు వేయాలి. పవర్ సప్లై కంపెనీ సొంత తరహాది, పోతే బజారులో దొరికే ఎస్‌ఎంపీఎస్ నేరుగా సరిపోదు. 96, 128 జీబీ నిజంగా కావాల్సినవాళ్లకు, నాలుగైదు హార్డ్ డిస్కులు పెట్టేవాళ్లకు ఇదే సరైన దారి.

డెల్ ఆర్720 లాంటి ర్యాక్ సర్వర్ (డేటా సెంటర్ బీరువాలో పెట్టే పలుచని సర్వర్) ఇంటికి వద్దు. చవకగా కనిపిస్తుంది, కానీ పక్క గదిలో పడుకునేవాళ్లకు ఫ్యాన్ల మోత వినిపిస్తుంది. కంపెనీది కాని పీసీఐఈ కార్డు వేస్తే ఆ ఫ్యాన్లు ఇంకా పెరుగుతాయి.

జీఎస్టీ బిల్లూ వారంటీ తప్పనిసరైన ఆఫీసుకు కొత్తగా అసెంబుల్ చేసిన రైజెన్ 5600జీ మంచిది: 6 కోర్లు, 12 థ్రెడ్లు, నాలుగు స్లాట్ల బోర్డులో 128 జీబీ దాకా. మామూలు 5600జీకి ఈసీసీ ఉండదు.

ఏది కొన్నా డిస్కు దగ్గర పొదుపు చేయొద్దు. సొంత డీర్యామ్ మెమరీ లేని క్యూఎల్‌సీ (చవక రకం) ఎస్‌ఎస్‌డీ కాష్ నిండాక హార్డ్ డిస్కు కన్నా నెమ్మదిస్తుంది, అన్ని వీఎంలూ ఒకేసారి నిలబడిపోతాయి. మినీలో ఒకే ఎన్‌వీఎంఈ ఉంటే జెడ్‌ఎఫ్‌ఎస్ (ర్యామ్ ఎక్కువ వాడే ఫైల్ సిస్టమ్) జోలికి పోకుండా ప్రాక్స్‌మాక్స్‌లోనే ఉండే తేలికైన ఎల్‌వీఎం-థిన్ పెట్టి, రోజూ రాత్రి రెండో డ్రైవ్‌కు బ్యాకప్ తీయండి. టవర్‌లో జెడ్‌ఎఫ్‌ఎస్ మిర్రర్ (రెండు డిస్కుల్లో ఒకే డేటా) పెట్టేవాళ్లు కరెంటు పోయినా డేటా కాపాడే ఎంటర్‌ప్రైజ్ ఎస్‌ఎస్‌డీలు సెకండ్ హ్యాండ్‌వైనా వెతకండి. ప్రాక్స్‌మాక్స్ 8.1 కన్నా ముందు ఇన్‌స్టాల్ చేసినదైతే జెడ్‌ఎఫ్‌ఎస్ కాష్ సగం ర్యామ్ దాకా తీసుకుంటుంది, దానికి హద్దు పెట్టండి.

ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు దాన్ని యూపీఎస్ మోడ్‌లో ఉంచాలి, లేకపోతే కరెంటు మారే క్షణంలో మిషన్ రీస్టార్ట్ అవుతుంది. బయాస్‌లో 'కరెంటు వచ్చాక ఆన్' అన్న సెట్టింగ్ పెట్టండి. చవక 600 వీఏ యూపీఎస్‌లకు చాలావరకు యూఎస్‌బీ ఉండదు. అప్పుడు యూపీఎస్‌కు కలపని ఒక పరికరాన్ని స్క్రిప్ట్‌తో పింగ్ చేయించి, ఐదు నిమిషాలు జవాబు రాకపోతే షట్‌డౌన్ అయ్యేలా చేయొచ్చు. వేసవిలో 44 డిగ్రీలు దాటే ఊళ్లు మనవి, మినీని మూసిన అల్మారాలో పెట్టకండి, ఎన్‌వీఎంఈకి హీట్‌సింక్ వేయండి. రామగుండం, భూపాలపల్లి వైపు బొగ్గు పొడి, కరీంనగర్ వైపు గ్రానైట్ దుమ్ము: మూడు నెలలకోసారి బ్లోయర్‌తో ఊదాలి, ఊదేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో ఆపాలి.

కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి వెళ్లి కొనేవాళ్లు బూటయ్యే లినక్స్ పెన్‌డ్రైవ్ వెంట తీసుకెళ్లండి. బయాస్‌కు పాస్‌వర్డ్ ఉందేమో చూడండి, ఉంటే వదిలేయండి. వీఎంలకు కావాల్సిన బయాస్ సెట్టింగులు వీటీ-ఎక్స్, వీటీ-డీ రెండూ ఆన్ అవుతున్నాయా, డిస్కు స్మార్ట్ రీడింగ్‌లో రీఅలోకేటెడ్ (పాడై పక్కనపెట్టిన) సెక్టార్లు సున్నానా, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ ఒక్క రౌండైనా తప్పు లేకుండా పూర్తవుతుందా చూడండి. మినీ అయితే అడాప్టర్ ఆ కంపెనీదేనా, ఎన్ని వాట్లదన్నది దాని మీద చదివాకే డబ్బు ఇవ్వండి.