మోటారు లేని కండెన్సేట్ పంపు: చాన్నాళ్లు వాడాక

అనంతపురం దగ్గర మా కెమికల్ యూనిట్‌లో బాయిలర్ పని నాది. స్టీమ్ వేడిని ఇచ్చేసి నీరైతే అదే కండెన్సేట్, దాన్ని తిరిగి బాయిలర్‌కు పంపేదే ఈ పంపు. ఇది నాకు నచ్చడానికి ఒక్క కారణం చాలు, దీనికి మోటారు లేదు. లోపల ఫ్లోట్ పైకి లేవగానే స్టీమ్ వచ్చి నీళ్లను నెట్టేస్తుంది, అంతే. ఇంతకుముందున్న మోటారు పంపు మరిగే కండెన్సేట్ తగిలితే చాలు, గులకరాళ్లు నమిలినట్టు చప్పుడు చేసేది. ఇంపెల్లర్ అరిగిపోయేది, సీలు కారేది. చివరికి ఆ వేడినీళ్లన్నీ కాలవపాలు. స్టీమ్‌లోని వేడిలో దాదాపు పావు వంతు ఆ నీళ్లలోనే ఉంటుంది మరి.

ఫీడ్ వాటర్ (బాయిలర్‌లోకి పోసే నీళ్లు) వేడి 6 డిగ్రీలు పెరిగితే ఇంధనం ఒక శాతం ఆదా అన్నది బాయిలర్ వాళ్లందరికీ తెలిసిన లెక్కే. నేను అనుకోనిది ఉప్పు దగ్గర జరిగింది. మా బోరు నీళ్లు గిన్నెలో కాస్తే తెల్లగా సున్నం కడుతుంది. కండెన్సేట్ అలా కాదు, దాదాపు డిస్టిల్డ్ వాటరే. అది తిరిగి రావడం మొదలయ్యాక సాఫ్ట్‌నర్ (బోరు నీళ్లలో సున్నం తీసేది) రీజనరేషన్లు, అంటే దాన్ని ఉప్పునీళ్లతో కడగడాలు, బ్లోడౌన్, అంటే బాయిలర్‌లో లవణాలు పేరుకున్న నీళ్లను వదిలేయడం, రెండూ బాగా తగ్గాయి. ఉప్పు బస్తాలకు ఇండెంట్ రాలేదేమని స్టోర్స్ నుంచి ఫోన్ కూడా వచ్చింది!

ఆ సంబరం కొన్నాళ్లే. ఒక రాత్రి షిఫ్ట్‌లో ఆపరేటర్ ఫోన్ చేసి, "అన్నా, గేజ్ గ్లాస్‌లో నీళ్లు నిలవడం లేదు, ఎగిరెగిరి పడుతున్నాయి" అన్నాడు. బాయిలర్‌లో నీటిమట్టం చూపే గొట్టం అది. వెళ్లి శాంపిల్ పడితే నురగే నురగ, పీహెచ్ చూస్తే ఆకాశంలో ఉంది. కాస్టిక్ సోడా ట్యాంకును వేడిచేసే స్టీమ్ కాయిల్‌కు సూదిమొన అంత బెజ్జం పడింది. స్టీమ్ ఉన్నంతసేపూ ప్రెషర్ కాయిల్‌లోనే ఎక్కువ, కాబట్టి ఏమీ తెలియదు. వాల్వ్ మూయగానే లోపలి ఆవిరి చల్లబడి వాక్యూమ్ అవుతుంది, ట్యాంకులోని కాస్టిక్‌ను పీల్చుకుంటుంది. మళ్లీ స్టీమ్ వదిలితే అదంతా పంపు దగ్గరికి, అక్కణ్ణుంచి బాయిలర్‌లోకి. బాయిలర్ ఆపి కడిగేసరికి తెల్లారింది. మర్నాడు ప్రొడక్షన్ వాళ్ల మొహాలు చూడాలి.

తప్పు పంపుది కాదు. కానీ నీళ్లలో ఏదైనా కలిసి కండక్టివిటీ (కరెంటు పారే గుణం) పెరగగానే నీళ్లను డ్రెయిన్‌కు మళ్లించే సెన్సార్, వాల్వ్ సెట్టును డీలర్ కొటేషన్ చివర్లో "కావాలంటే" అని రాసి వదిలేశాడు. కెమికల్ ఫ్యాక్టరీకి అమ్ముతూ దాన్ని కావాలంటే అనడం ఏమిటో! ఇప్పుడది బిగించాం, టెన్షన్ తగ్గింది.

మోటారు లేదని పొగిడాను గానీ, దీనికీ తిండి కావాలి, కొంచెం స్టీమ్ తాగుతుంది. పైన ఏ స్టీమ్ ట్రాప్ (ఆవిరిని ఆపి నీళ్లను మాత్రమే వదిలే వాల్వ్) తెరుచుకుని ఇరుక్కున్నా, కండెన్సేట్ చేరే రిసీవర్ ట్యాంకు వెంట్‌లోంచి ఆవిరి బుసబుసా పోతుంది. ట్రాపులు బాగుచేయించకుండా దీన్ని కొంటే దండగే.

మేం ఎక్కువగా కాల్చేది శనక్కాయ పొట్టు బ్రికెట్లు. అది పంట వ్యర్థం, దాని కార్బన్‌ను లెక్కలో దాదాపు సున్నా వేస్తారు. అందుకే కార్బన్ లెక్కలో మా ఆదా పెద్దగా కనబడదు, పొట్టు దొరక్క బొగ్గుకు వెళ్లిన నెలల్లోనే తేడా తెలుస్తుంది. ఏడాది పొడుగునా బొగ్గే కాల్చేవాళ్లకు, ప్లాంటు నుంచి బాయిలర్ దాకా దూరం తక్కువ ఉన్నవాళ్లకు నా ఓటు దీనికే. సెన్సార్‌ను, రిటర్న్ లైన్ ఇన్సులేషన్‌ను మాత్రం అసలు ధరలోనే కలిపి బేరమాడండి.