కోనం చేప దొరకని రోజు ‘లేదు’ అని చెప్పే హోటల్

శ్రీకాకుళం టౌన్ దాటి కళింగపట్నం రోడ్డు ఎక్కాక కనిపించే ఒక రేకుల షెడ్డు హోటల్ గురించి రాస్తున్నాను. చిన్న హోటల్, పైగా ఇక్కడ ఒకటి రెండు తప్పులు కూడా చెప్పబోతున్నాను కాబట్టి పేరు పెట్టడం లేదు. ఆ దారిన వెళ్లేవాళ్లకి గేటు పక్కన సుద్దముక్కతో రేట్లు రాసిన నల్లబోర్డు చూస్తే తెలిసిపోతుంది. ఫిబ్రవరి నుంచి ఇప్పటికి మూడుసార్లు వెళ్లాను.

రుచి సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాను, బాగుంటుంది. చింతపండు పులుపు గట్టిగా తగిలే మన వైపు చేపల పులుసే, క్రీములూ జీడిపప్పు పేస్టులూ వేసి చేప వాసన కప్పేసే రకం కాదు. నేను రాయాలనుకున్నది రేట్ల గురించి. విజయనగరంలో మేము 6 ఏళ్లు కర్రీ పాయింట్ నడిపాం, అందులో రొయ్యల కూర బాగా అమ్ముడయ్యేది, అయినా నెలాఖరుకి చేతిలో ఏమీ మిగిలేది కాదు. ఎందుకు మిగలడం లేదో అర్థమయ్యేసరికి రెండేళ్లు పట్టింది. అందుకే ఎక్కడ చేప తిన్నా ఈ ప్లేటుకి వీళ్లకి ఎంత పడి ఉంటుంది అని లెక్క వేయకుండా ఉండలేను.

రొయ్యల ప్లేటే చూడండి. తలతో, పెంకుతో కిలో 400కి కొన్నారనుకుందాం. తల తీసి, పెంకు ఒలిచి, నరం లాగేస్తే మిగిలేది సగానికి కాస్త ఎక్కువ, మా దగ్గర 550 గ్రాములు వచ్చేది. అంటే వండే రొయ్య కిలో 400 కాదు, దాదాపు 730 పడినట్టు. ప్లేటుకి 150 గ్రాములు వేస్తే రొయ్యకే 110, నూనె, ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, గ్యాస్ కలిపి ఇంకో 30. మొత్తం 140. ఇందులో వంటమనిషి జీతం, అద్దె, కరెంటు ఏమీ లేవు. సరుకు ఖర్చు అమ్మకం ధరలో 40 శాతం దాటితే హోటల్‌కి ఊపిరాడదు, ఆ లెక్కన ఈ ప్లేటు 350 ఉండాలి. ఇక్కడ 320 పెట్టారు, వచ్చిన రొయ్య తూకం కూడా నా అంచనాకి దగ్గరగానే ఉంది. మేమైతే అప్పట్లో 400ని తిన్నగా ప్లేట్లతో భాగించేసేవాళ్లం, చెత్తబుట్టలోకి పోయే తలలూ పెంకులూ కూడా మేము డబ్బు పెట్టి కొన్నవే అన్న సంగతి లెక్కలోకి రాలేదు.

ఇక కోనం. వంజరం అన్నా ఇదే, మనకి కోనమే. ఈ చేపకి వీళ్లు ప్రింట్ చేసిన మెనూలో రేటు వేయలేదు, బోర్డు మీద ఏ రోజుది ఆ రోజు రాస్తారు. ఫిబ్రవరిలో వేపుడు ముక్క 240, నెల తిరిగాక వెళ్తే 290. పక్క టేబుల్ ఆయన మొన్న ఒక రేటు ఈ రోజు ఒక రేటు ఏంటని గొడవ పెట్టుకున్నాడు గానీ నాకు ఇదే న్యాయంగా అనిపించింది. 4 కిలోల కోనం కిలో 700 చొప్పున 2800కి కొంటే తల, పొట్ట, రెక్కలు పోను 3 కిలోల ముక్కలు వస్తాయి, 120 గ్రాముల లెక్కన 25 ముక్కలు, ముక్కకి 112. అదే చేప ఇంకో వారం కిలో 900 అయితే ముక్క 144 పడుతుంది. ఏడాది పొడవునా ఒకే రేటు ఉండాలంటే యజమాని చేయగలిగినవి రెండే, ముక్క పలచగా కోయించడం, లేదా పాత సరుకు వేయడం. రెండూ మనం రోజూ తింటూనే ఉన్నాం. వీళ్లు తలని పారేయరు, ఆదివారం తలకాయ పులుసు పెడతారు. తోక ముక్కలు భోజనంతో ఇచ్చే పులుసులోకి వెళ్తాయి. అలా అయితేనే మధ్య ముక్కని ఆ ధరకి ఇవ్వగలుగుతారు.

నన్ను కదిలించింది మే నెలలో జరిగింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మన తీరంలో మరబోట్లకీ, ఇంజన్ పడవలకీ వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి. ఆ రోజుల్లో కూడా చాలా చోట్ల ఫ్రెష్ కోనం అని అమ్ముతారు, అది ఐసులో ఎన్నాళ్ల నుంచి ఉందో అడిగితే జవాబు ఉండదు. ఇక్కడ బోర్డు మీద కోనం, చందువా రెండూ కొట్టేసి ఉన్నాయి. అడిగితే యజమాని వచ్చి, "పడవలు ఆపేశారు కదమ్మా, ఇప్పుడు కోనం అంటే కోల్డ్ స్టోరేజీదే, అది నేను పెట్టలేను. చెరువు పండుగప్ప ఉంది, రొయ్యలు ఉన్నాయి, తెప్పల మీద వెళ్లినవాళ్లు తెచ్చిన నెత్తళ్లు కాసిని ఉన్నాయి, ఏం చేయించమంటారు?" అన్నారు. నెత్తళ్ల వేపుడు, పప్పుచారుతో భోజనం 180. నెత్తళ్లకి తల గిల్లేస్తే చాలు, పోయేది తక్కువ, కొన్న ధరా తక్కువ, అందుకే ఆ 180లో తినేవాళ్లకీ కడుపు నిండుతుంది, వాళ్లకీ మిగులుతుంది. కానాగంతలు, కవళ్లు లాంటి చిన్న చేపలు కూడా ఇలా భోజనంలో పెడితే ఇంకా బాగుంటుందని చెప్పి వచ్చాను. ఖరీదైన చేప ఒక్కదాని మీదే ఆధారపడిన సీఫుడ్ హోటల్‌కి ఆ రెండు నెలలు ఎంత టెన్షనో నాకు తెలుసు.

ఇప్పుడు తప్పులు. పీతల కూర ప్లేటు 350, ప్లేటుకి రెండు పీతలు. మాకు వచ్చినవి అరచేతిలో సగం కూడా లేవు, వెనక టేబుల్‌కి వెళ్లినవి డెక్కలతో ప్లేటు దాటి ఉన్నాయి, బిల్లు మాత్రం ఇద్దరికీ ఒకటే. పీతలో పెంకు బరువే ఎక్కువ, చిన్న పీతలో తినడానికి ఉండేది ఇంకా తక్కువ. కోనానికి అంత పద్ధతిగా ఉన్నవాళ్లు పీతని కూడా తూకం వేసి, ముందు చూపించి, గ్రాముల లెక్కన రేటు చెప్పాలి. రెండోది, 5 శాతం జీఎస్టీ బిల్లులో వేస్తున్నారు, వేయడం తప్పు కాదు, కానీ ఆ మాట బోర్డు మీద గానీ మెనూలో గానీ ఎక్కడా లేదు. నలుగురం తిని 1400 అవుతుందని లెక్కపెట్టుకుంటే 1470 వచ్చింది. 70 రూపాయల గురించి కాదు, బోర్డు మీద అన్నీ రాసేవాళ్లు ఇది కూడా ఒక మూల రాస్తే ఎవరికీ అనుమానం రాదు. సర్వీస్ ఛార్జి లాంటివి ఏమీ లేవు. యాప్‌లో మాత్రం ఇదే రొయ్యల ప్లేటు 400 చూపిస్తోంది, కమీషన్ పోతుంది కాబట్టి అర్థం చేసుకోగలను, వెళ్లి తినగలిగితే వెళ్లే తినండి.

కార్లు పెట్టుకోవడానికి చోటు ఉంది, చేతులు కడుక్కునే చోట మాత్రం నీళ్లు నిలిచిపోతున్నాయి. మధ్యాహ్నం 12 గంటలకే వెళ్తే బోర్డు మీద రాసినవన్నీ దొరుకుతాయి. తలకాయ పులుసు కావాలంటే శనివారం రాత్రే ఫోన్ చేసి చెప్పుకోండి, ఆదివారం ఒంటిగంట దాటాక వెళ్లి నేను ఒకసారి ఉత్త పులుసుతో అన్నం తిని వచ్చాను.