టెర్న్‌ల లాటిన్ పేర్లు: పన్నెండేళ్ల వాడకం తర్వాత

నా మొదటి నోట్‌బుక్కులో చాలా పేజీల్లో "ఎస్. ఎ." అని మాత్రమే రాసి ఉంటుంది. అది ఏ పక్షో ఇప్పుడు నాకే తెలీదు. లాటిన్ పేరు మొత్తం రాయడానికి బద్ధకించి పొట్టి చేసుకున్నాను. టెర్న్‌లంటే నదుల దగ్గరా, సముద్ర తీరాల్లోనూ ఉండే పక్షులు. స్టెర్నా ఆరాన్షియా కావచ్చు, అంటే నది టెర్న్. స్టెర్నా అక్యూటికాడా కావచ్చు, అంటే నల్లపొట్ట టెర్న్. అప్పట్లో స్టెర్నా ప్రజాతిలోనే (లాటిన్ పేరులో మొదటి మాట ప్రజాతి, రెండోది జాతి) ఉందని నేను నేర్చుకున్న ఆల్బిఫ్రాన్స్, అంటే చిన్న టెర్న్ కూడా కావచ్చు. మూడూ ఒకే నదిలో, ఒకే ఇసుక దిబ్బ మీద దిగగలిగేవే. కాబట్టి చోటును బట్టి ఊహించుకునే వీలు కూడా లేదు.

ఇది పేర్ల తప్పు కాదు, నా బద్ధకం. అయినా ఈ సమీక్ష అక్కడినుంచే మొదలుపెడుతున్నాను. ఎందుకంటే ఈ పేర్లను పన్నెండేళ్లు వాడాక నాకు తేలింది ఒకటే: గుర్తింపు సంఖ్యలాగా వాడితే వీటిని మించినవి లేవు, చిరునామాలాగా నమ్మితే మునుగుతాం.

మొదట మంచి చెప్తాను. థలాసియస్ బెర్గియై అనే పెద్ద జుట్టు టెర్న్ ఉంది. ఆఫ్రికా దక్షిణ తీరంనుంచి హిందూ మహాసముద్రం మీదుగా ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవుల దాకా దాని విస్తీర్ణం. దక్షిణాఫ్రికా వాళ్లు దాన్ని స్విఫ్ట్ టెర్న్ అంటారు, ఆస్ట్రేలియా వాళ్లు క్రెస్టెడ్ టెర్న్ అంటారు, మిగతా చోట్ల గ్రేటర్ క్రెస్టెడ్ టెర్న్. రెండు దేశాల పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుంటే తల తిరుగుతుంది. లాటిన్ పేరు ఒక్కటి చూస్తే చాలు, గొడవ తీరిపోతుంది. ఆ పేరు దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతంలో నమూనాలు సేకరించిన ప్రష్యా దేశపు బెర్గియస్‌ను తలుచుకుంటూ లిచ్టెన్‌స్టైన్ 1823లో పెట్టినది. పక్షి ఎలా ఉంటుందో అందులో ఒక్క ముక్క లేదు. పని మాత్రం జరుగుతుంది.

వర్ణన ఉన్న పేర్లతోనే నాకు ఎక్కువ దెబ్బ తగిలింది. ఆరాన్షియా అంటే నారింజ రంగుది. కొత్తలో నారింజ ముక్కు కనిపించిన ప్రతి టెర్న్‌నూ ఆరాన్షియా అని రాసేసుకున్నాను. తీరా చూస్తే నది టెర్న్ ముక్కు మంచి పసుపు. నారింజ ముక్కు నల్లపొట్ట టెర్న్‌ది. ఒక సీజన్ మొత్తం తారుమారుగా నమోదు చేశాను. మాక్సిమస్ కూడా అంతే. "అన్నిటికంటే పెద్దది" అని అర్థం, కానీ అది రాయల్ టెర్న్ పేరు. టెర్న్‌లన్నిటిలోకీ పెద్దది కాస్పియన్ టెర్న్, హైడ్రోప్రోగ్నే కాస్పియా. 1770లో పల్లాస్ దానికి కాస్పియన్ సముద్రం పేరు పెట్టాడు. ఆ పక్షి మాత్రం ఉత్తర అమెరికా సరస్సుల్లోనూ, ఆఫ్రికాలోనూ, ఆస్ట్రేలియాలోనూ కూడా గూళ్లు పెడుతుంది.

ఊరి పేర్ల సంగతికొస్తే, శాండ్‌వైసెన్సిస్ కథ ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు. థలాసియస్ శాండ్‌వైసెన్సిస్ అనే టెర్న్‌కు 1787లో లేథమ్ పేరు పెట్టాడు. ఇంగ్లండ్‌లోని కెంట్ తీరంలో ఉన్న శాండ్‌విచ్ పట్టణం దానికి ఆధారం. హవాయిలో మాత్రమే ఉండే "నెనె" అనే బాతు జాతి పక్షి పేరు బ్రాంటా శాండ్‌వైసెన్సిస్. అక్కడి శాండ్‌విచ్ హవాయి దీవులు. కెప్టెన్ కుక్ 1778లో శాండ్‌విచ్ ప్రభువు గౌరవార్థం ఆ దీవులకు ఆ పేరు పెట్టాడు, ఆ ప్రభువు బిరుదేమో కెంట్ పట్టణానిది. అంటే రెండు పేర్లూ చివరికి ఒకే ఊరికి చేరతాయి, పక్షులు మాత్రం భూగోళానికి చెరో వైపు. నేను చాలాకాలం ఈ టెర్న్ కూడా హవాయిదే అనుకుని, యూరప్ తీరాల్లో ఎందుకు కనిపిస్తోందా అని బుర్ర బద్దలు కొట్టుకున్నాను.

నమీబియా తీరంలో ఎక్కువగా ఉండే డమారా టెర్న్ పేరు స్టెర్నులా బలీనారమ్, అంటే "తిమింగలాలది". తిమింగలాలతో ఆ చిన్న పక్షికి ఏ చుట్టరికమూ లేదు. అది వాల్విస్ బే, అంటే తిమింగలాల అఖాతం, పేరుకు లాటిన్ రూపం. ఇలాంటి పేరు ఒక్కసారి విప్పి చూసుకుంటే మళ్లీ మర్చిపోం.

ఈ పేర్లలో ఎక్కడ చూసినా వానకోయిలే, అంటే ఇంగ్లిష్‌లో స్వాలో. తోక చీలి, రెక్కలు సన్నగా ఉండేసరికి పాతకాలం వాళ్లకు టెర్న్‌ను చూస్తే స్వాలోనే గుర్తొచ్చింది. కామన్ టెర్న్ జాతి పేరు హిరుండో, లాటిన్‌లో స్వాలో. గెలోకెలిడాన్ అంటే గ్రీకులో "నవ్వే స్వాలో". హైడ్రోప్రోగ్నేలో నీళ్లూ, స్వాలోగా మారిన ప్రోక్నే కథా ఉన్నాయి. ఇంకో ప్రజాతి క్లిడోనియాస్ కూడా ఆ "కెలిడాన్" మాటే, స్పెల్లింగ్ తప్పుతో. స్టెర్నా మాత్రం వేరు. దాని మూలం పాత ఇంగ్లిష్ మాట "స్టెర్న్", నావికుడి గోడు చెప్పే ఒక ప్రాచీన పద్యంలో కనిపిస్తుంది. 1758లో లిన్నేయస్ దాన్ని ప్రజాతి పేరు చేశాడు.

తిట్లు కూడా తక్కువేం లేవు. అనౌస్ స్టోలిడస్ అనే టెర్న్ లాంటి పక్షి ఉంది, ఇంగ్లిష్‌లో బ్రౌన్ నాడీ; దాని పేరులో రెండు ముక్కలకూ "తెలివితక్కువది" అనే అర్థం. మనుషుల్ని చూసి భయపడకపోవడమే దాని నేరం. బ్రైడిల్డ్ టెర్న్‌కు స్కోపోలీ 1786లో "మొద్దు" అనే అర్థం వచ్చే గ్రీకు మాట పెట్టబోయి, మధ్యలో ఒక అక్షరం మింగేశాడు. మొదట అచ్చయిన స్పెల్లింగే నిలవాలన్న నియమం వల్ల అనీథీటస్ అని అలాగే ఉండిపోయింది. తెలివితక్కువ ఎవరిదో మీరే చెప్పండి.

ఇక నా అసలు ఫిర్యాదు: పేర్లు మారుతుంటాయి. 2005లో డీఎన్ఏ అధ్యయనం ఒకటి వచ్చాక పాత స్టెర్నాను చీల్చి చాలా జాతుల్ని థలాసియస్, స్టెర్నులా, ఒనికోప్రియాన్, హైడ్రోప్రోగ్నే లాంటి ప్రజాతుల్లోకి పంపారు. పైగా లాటిన్ లింగం కలవాలి కాబట్టి స్టెర్నా ఫస్కేటా (సూటీ టెర్న్) కాస్తా ఒనికోప్రియాన్ ఫస్కేటస్ అయింది. నా దగ్గరున్న పాత పుస్తకాల సూచికలు సగం పనికిరాకుండా పోయాయి. మొదట ఒళ్లు మండింది, టెన్షన్ కూడా పడ్డాను. తర్వాత ఒక చిట్కా తెలిసింది: పేరు పెట్టినవాడి పేరూ సంవత్సరమూ బ్రాకెట్లలో ఉంటే ఆ జాతి మొదట వేరే ప్రజాతిలో ఉండేదని అర్థం. బ్రాకెట్లు లేకపోతే పెట్టినప్పటి ప్రజాతిలోనే ఉంది. ఈ చిన్న గుర్తు చూసి పాత సూచికలో ఎక్కడ వెతకాలో తెలుసుకోవచ్చు. ఇది నాకు ముందే ఎవరైనా చెప్పుంటే రెండేళ్లు ఆదా అయ్యేవి.

మనుషుల పేర్లు పెట్టడం నాకు మొదట్లో నచ్చేది కాదు. చైనీస్ క్రెస్టెడ్ టెర్న్ జాతి పేరు బెర్న్‌స్టైనీ వల్ల మనసు మారింది. 1861లో ఇండొనేషియాలోని హల్మహేరా దీవిలో బెర్న్‌స్టైన్ సేకరించిన నమూనాకు ష్లెగెల్ 1863లో ఆ పేరు పెట్టాడు. 1937లో చైనా తీరంలో కొన్ని దొరికాక ఆ టెర్న్ దాదాపు మాయమైంది, అంతరించిందనే చాలామంది అనుకున్నారు. 2000లో తైవాన్ పాలనలోని మాట్సు దీవుల్లో, పెద్ద జుట్టు టెర్న్‌ల గుంపు మధ్యలో, నాలుగు జంటలు కనిపించాయి. ముక్కు కొస నల్లగా ఉండటమే పెద్ద తేడా. అన్నేళ్లూ ఆ పక్షికి మిగిలింది పెట్టెల్లో దాచిన కొన్ని చర్మాలూ, వాటికి కట్టిన పేరూ మాత్రమే.

ఆర్కిటిక్ టెర్న్ సంగతి తొందరగా ముగిస్తాను, అందరూ చెప్పేదే. ధ్రువంనుంచి ధ్రువానికి ఏటా సగటున సుమారు 70,900 కిలోమీటర్లు తిరుగుతుందని 2010లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. పేరేమో పారడైసియా, స్వర్గానిది. దీని పేరులో ఏ ఊరూ లేకపోవడమే మేలు.

మార్కులు వెయ్యమంటే ఐదుకు నాలుగు. ఒక మార్కు ఆరాన్షియా కోసం కోసేశాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పేరు పూర్తిగా రాయండి, పక్కన ముక్కు రంగు మామూలు మాటల్లో రాయండి. నా "ఎస్. ఎ." పేజీల్లో ఒకదాని అంచున "ముక్కు పసుపు, కొసన నలుపు లేదు" అని ఉంది. ఆ ఒక్క పేజీ నది టెర్న్‌దని మొన్ననే ఒప్పుకుని సిరాతో పూర్తి పేరు రాశాను. మిగతావి అలాగే ఉన్నాయి.