వృద్ధులకు విటమిన్ డి చుక్కల మందు: ఏడాది వాడకం తరువాత

78 ఏళ్ల మా అమ్మకు రక్తపరీక్షలో విటమిన్ డి మిల్లీలీటరుకు 11 నానోగ్రాములే ఉన్నట్టు తేలడంతో, డాక్టరుగారి సలహా మేరకు రోజుకు 1,000 యూనిట్ల డి3 చుక్కల మందు ఏడాదిగా వేస్తున్నాము. మందు పనితీరు పట్ల నాకు పూర్తి సంతృప్తి ఉంది. దానితో వచ్చే కరపత్రంలో ‘ఆయుష్షు పెంచుతుంది’ అని అచ్చువేసిన మాటపై మాత్రం గట్టి అభ్యంతరం ఉంది.

వయసు పైబడినకొద్దీ ఎండ తగిలినా చర్మం ఈ విటమిన్‌ను తయారుచేసుకునే శక్తి తగ్గుతుంది కనుక, ఇల్లు కదలని పెద్దలకు ఇలాంటి మందు అవసరమే. నూనెలో కలిపి ఉండడం వల్ల భోజనంతో పాటు వేస్తే బాగా ఒంటబడుతుంది. మాత్ర మింగడానికి ఇబ్బందిపడే అమ్మకు ఇది ఎంతో సుఖంగా ఉంది. మూడు నెలల తరువాత పరీక్ష చేయిస్తే 24 వచ్చింది. 20 ఉంటే ఎముకల ఆరోగ్యానికి దాదాపు అందరికీ సరిపోతుందని అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2010 చివర్లో వెలువరించిన నివేదికలో తేల్చింది.

ఇక ఆయుష్షు మాట. విటమిన్ డి బాగా తక్కువగా ఉన్న వృద్ధులలో మరణాలు ఎక్కువగా ఉంటున్నాయని అనేక పరిశీలనలు చూపిన మాట నిజమే. అయితే మంచాన పడ్డవారు ఎండలోకి రాలేరు, సరిగా తినలేరు, దీర్ఘకాలపు జబ్బులు కూడా రక్తంలో దీని స్థాయిని తగ్గిస్తాయి. అందువల్ల ఆ తక్కువ అంకె చాలాసార్లు అనారోగ్యానికి గుర్తే కావచ్చు, మరణానికి కారణమే అయి ఉండనక్కరలేదు. ఈ చిక్కు విప్పడానికే పెద్ద ప్రయోగాలు జరిగాయి. అమెరికాలో 25,871 మందితో జరిగిన ‘వైటల్’ ప్రయోగంలో సగం మందికి రోజుకు 2,000 యూనిట్ల చొప్పున ఐదేళ్లకు పైగా ఇచ్చినా మరణాలు తగ్గలేదు. ఆస్ట్రేలియాలో 60 ఏళ్లు దాటిన 21,315 మందితో, నెలకు 60,000 యూనిట్ల మోతాదుతో జరిగిన ‘డి-హెల్త్’ ప్రయోగం ఫలితమూ అంతే. వీటిలో పాల్గొన్నవారిలో చాలామందికి మొదటి నుంచీ తీవ్రమైన లోపం లేదన్నది గమనించవలసిన విషయం. మా అమ్మలాంటి వారి సంగతి పూర్తిగా తేలినట్టు కాదు. 75 దాటినవారికి మరణాల ముప్పు కొద్దిగా తగ్గే అవకాశం ఉందని భావించి, వారు దీనిని వాడవచ్చని హార్మోన్ల వైద్య నిపుణుల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ 2024లో సూచించింది. ‘అవకాశం ఉంది’ అనడానికీ ‘పెంచుతుంది’ అనడానికీ ఉన్న దూరాన్ని తయారీదారులు గౌరవించి ఉండవలసింది.

నా బాధకు మరో కారణం ఉంది. ఆయుష్షు పెరుగుతుందని చదివిన పెద్దవారు, రెండింతలు వేసుకుంటే ఇంకా మంచిదనుకోవడం సహజం. డెబ్బై దాటిన మహిళలకు ఏడాదికొకసారి ఒకేమారు 5,00,000 యూనిట్లు ఇచ్చి చూసిన ప్రయోగంలో, వారు పడిపోవడమూ ఎముకలు విరగడమూ పెరిగాయని 2010లో ప్రచురితమైంది. మితిమీరి రోజూ వాడితే రక్తంలో క్యాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, మతిమరుపు వంటి అయోమయం, మూత్రపిండాలకు హాని కలుగుతాయి. డాక్టరు పర్యవేక్షణ లేకుండా రోజుకు 4,000 యూనిట్లు దాటరాదన్న హెచ్చరిక కరపత్రంలో ఎక్కడా లేదు.

డ్రాపరు కూడా మారాలి. గాజు గొట్టం మీది గీతలు జుట్టంత సన్నగా, లేత బూడిద రంగులో ఉన్నాయి. ఒక మధ్యాహ్నం అమ్మ దానిని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, కళ్లు చికిలించి, వణుకుతున్న వేళ్లతో పై గీత దాకా నింపడం చూశాను. అది రెండు రోజుల మోతాదు. ఆ సాయంత్రమే సరైన గీత దగ్గర బయటివైపు ఎర్రటి గోళ్లరంగుతో చుక్క పెట్టాను. ఇప్పుడు ఆమె తానే కొలిచి వేసుకుంటోంది.